వంజరం చేపతో ఇంగ్లీషు పాఠం

ఆ రోజుల్లో మా ఇంట్లో అందరికీ వచ్చిన ఇంగ్లీషు మాట ఒక్కటే, ‘కాస్ట్లీ’. కావలిలో మాది స్టీలు సామాన్ల కొట్టు. కొట్లోకి వచ్చిన ప్రతి ఇల్లాలూ గిన్నె చేతిలోకి తీసుకుని, వేలితో టంగుమనిపించి, అడుగు తిరగేసి చూసి, ధర అడిగి, ‘‘కాస్ట్లీ’’ అని కింద పెట్టేసేది. పెట్టేసి నాలుగడుగులు వేసేది, మా నాన్న వెనక్కి పిలుస్తాడని. మా నాన్న పిలిచేవాడు. ఇద్దరూ తృప్తిగా బేరం ముగించుకునేవాళ్ళు. ‘‘కొనేవాళ్ళకి ఏదైనా కాస్ట్లీనే అమ్మాయీ, అమ్మేవాళ్ళకి ఏదీ కాదు. ఆ మాటకి అర్థం వెతకబాకు’’ అనేవాడు నాన్న. నేను వింటేగా. డిగ్రీ అయ్యి, బీయీడీ కూడా పూర్తిచేసి, ప్రతి ఇంగ్లీషు మాటకీ ఒక అర్థం, ఒక వాడుక, దాన్ని బోధించడానికి ఒక వస్తువు ఉంటాయని గట్టిగా నమ్మే వయసులో ఉన్నాను. (ఆ వయసు ఎంతో కాలం ఉండదు, అదొక అదృష్టం.) ‘కాస్ట్లీ’ అనేది కొట్టు మాట అనీ, చదువుకున్నవాళ్ళు ‘ఎక్స్‌పెన్సివ్’ అనాలనీ నాకు నేనే తీర్మానించుకుని, నాన్నని కూడా దిద్దబోయి చీవాట్లు తిన్నాను.

అలాంటి నాకు తోటపల్లి గూడూరు దాటాక, సముద్రానికి దగ్గర్లో ఒక చిన్న ప్రైవేటు బళ్ళో ఇంగ్లీషు టీచరుగా ఉద్యోగం వచ్చింది. వచ్చింది అనడం కొంచెం ఎక్కువ. ఒక నెల చూస్తాం, నెలాఖరున కరస్పాండెంటు గారి ముందు ఒక క్లాసు చెప్పాలి, ఆయనకి నచ్చితే ఉంటావు, లేకపోతే లేదు అన్నారు. లేకపోతే ఏమిటన్నది నాన్నతో నేను చేసుకున్న ఒప్పందంలో స్పష్టంగా ఉంది. కావలి వచ్చేసి, గల్లా పెట్టె పక్కన కూర్చుని బిల్లులు రాయాలి. కొట్టంటే నాకు కోపం లేదు కానీ, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఆ టంగుటంగుల మధ్య బతకడం నావల్ల అయ్యే పని కాదు. నెల్లూరులో పిన్ని వాళ్ళింట్లో ఉండి, రోజూ షేరాటోలో రొయ్యల గుంటల పక్కనించి ఊగుతూ వెళ్ళి, చీరకి రొయ్యల మేత వాసన అంటించుకుని తిరిగొచ్చే ఆ బతుకు నాకు ఎంత ఇష్టంగా ఉండేదో ఇప్పుడు చెప్పినా ఎవరూ నమ్మరు.

కరస్పాండెంటు గారు, అంటే బడి యజమాని, నెల్లూరులో ఉండేవారు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, నుదుట బొట్టు, పరమ శాకాహారి. మాట మెత్తన, చెయ్యి గట్టి. ఆయన నోట నేను విన్న ఇంగ్లీషు ముక్క ఒక్కటే. సార్, ఏడో తరగతికి ఫ్యాను కావాలి అంటే ‘‘టూ ఎక్స్‌పెన్సివమ్మా.’’ గోడకి భారతదేశం పటం కావాలి అంటే ‘‘టూ ఎక్స్‌పెన్సివ్.’’ రంగు సుద్దముక్కలు? ‘‘ఎక్స్‌పెన్సివ్, తెల్లవి కనపడటంలా?’’ బీయీడీ చేసిన టీచర్ల విషయంలోనూ ఆయన అభిప్రాయం అదేనని హెడ్మాస్టరు గారు నాకు మొదటి రోజే చెవిలో వేశారు. హెడ్మాస్టరు గారు సన్నగా, సాధువుగా ఉండేవారు. పాతికేళ్ళుగా కరస్పాండెంటు గారు ఔనన్నదానికి ఔననీ, కాదన్నదానికి కాదనీ ఆయన మెడ దానంతటదే ఊగడం నేర్చుకుంది. కరస్పాండెంటు గారికేమో పాఠం నచ్చితే మెల్లగా తల ఊపే అలవాటు. ఆ తల ఎన్నిసార్లు ఊగితే అంత మంచిదని, ఆ బళ్ళో పనిచేసిన వాళ్ళందరూ దానికేసే చూస్తూ పాఠం చెప్పేవాళ్ళట.

నా క్లాసుకి నేను ఎంచుకున్న మాట, మీరు ఊహించే ఉంటారు, ‘ఎక్స్‌పెన్సివ్’. ఆయనకి ఇష్టమైన మాట కదా, సులువుగా ఆకట్టుకుంటుందని నా తెలివి. పాఠం చెప్పేటప్పుడు నిజమైన వస్తువు చూపించాలి అని బీయీడీలో నూరిపోశారు. ఏడో తరగతిలో ముప్పావువంతు పిల్లలు చేపల వేటకి పోయే వాళ్ళ ఇళ్ళనుంచి వచ్చేవాళ్ళు. వాళ్ళకి బంగారం, కారు అంటే ఏం అర్థమవుతుంది, చేపలు చూపిస్తాను అనుకున్నాను. ఒక వంజరం చేప, నాలుగు కవళ్ళు, అంటే చిన్న ముళ్ళ చేపలు. ఇది ఎక్స్‌పెన్సివ్, ఇవి చీప్. ఇంత చక్కటి పాఠం బీయీడీ కాలేజీలో కూడా ఎవరూ చెప్పి ఉండరని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. (శాకాహారి ముందు చేప పెట్టి పాఠం చెప్పడం గురించి ఆలోచన రాలేదా అని అడక్కండి. రాలేదు.)

చేప కోసం మా ఆయమ్మని పట్టుకున్నాను. ఆయమ్మ అంటే బళ్ళో చిన్నపిల్లల్ని చూసుకునే ఆవిడ. ఆమె మొగుడు పడవ మీద వేటకి పోయేవాడు. ఆ పొద్దున వలలో పడ్డ వంజరాన్ని సాయంత్రం నెల్లూరు నుంచి వచ్చే ఒక బేరగాడి కోసం ఐసులో పెట్టి ఉంచింది. ‘‘ఒక్క పీరియడు ఇస్తానంతే టీచరమ్మా. కొయ్యకూడదు, ఎండ తగలకూడదు, పిల్లకాయలు వేళ్ళు పెట్టి పొడవకూడదు’’ అని మూడు షరతులు పెట్టి, అరిటాకులో చుట్టిన చేపని పసిబిడ్డని ఇచ్చినట్టు చేతుల్లో పెట్టింది. మోచేతి నుంచి వేళ్ళ దాకా ఉన్న దాన్ని మోసుకుంటూ క్లాసులోకి వెళ్ళేసరికి, వెనక బెంచీలో కరస్పాండెంటు గారు, ఆయన పక్కన హెడ్మాస్టరు గారు సర్దుకుని కూర్చుని ఉన్నారు. నేను ఆకు విప్పాను. కరస్పాండెంటు గారు జేబు రుమాలు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. హెడ్మాస్టరు గారికి రుమాలు లేదు, అరచెయ్యి పెట్టుకున్నారు.

ఏదేమైనా మొదలుపెట్టాను. వంజరం ఎత్తి పట్టుకుని, ‘‘దిస్ ఫిష్ ఈజ్ ఎక్స్‌పెన్సివ్’’ అన్నాను. పిల్లలు వెంట అనలేదు. మళ్ళీ అన్నాను. అప్పుడు మొదటి బెంచీలో ఉన్న మైకు లేచింది. ఆ పిల్ల అసలు పేరు వేరు. వాళ్ళ తాత ఒడ్డు మీద చేపల పాట పెట్టేవాడు, అంటే వేలం వేసేవాడు. ఆయన గొంతు మనవరాలికి వచ్చింది, అందుకని బళ్ళో అందరూ మైకు అనేవాళ్ళు. ‘‘ఎక్స్‌పెన్సివ్ అని ఎట్ట చెప్పేది టీచర్? ఇంకా పాట పెట్టలేదు గదా’’ అంది.

‘‘పాట పెట్టకపోయినా వంజరం వంజరమే కదమ్మా.’’

‘‘అట్టెట్టా టీచర్? కొనేవాళ్ళు యాడుండారు, ఎంతమందుండారు, దాన్నిబట్టి గదా రేటు. నిన్న వంజరం చవగ్గా పోయినాది. మొన్న కవళ్ళకి కొట్టుకున్నారు.’’

క్లాసంతా ఔనౌనంది. నా పాఠం నా కళ్ళముందే మునిగిపోతోంది. దారి మార్చాలని, ‘‘పోనీ, ఈ చేప మీలో ఎంతమంది తిన్నారు, చేతులెత్తండి’’ అన్నాను. రుచి చెప్పించి, అక్కణ్ణించి మళ్ళీ మాటలోకి వద్దామని. ఒక్క చెయ్యి లేవలేదు. ‘‘అది అమ్మేది టీచర్, తినేది కాదు’’ అంది మైకు, ఈమాత్రం తెలీదా అన్నట్టు. ‘‘మేం కవళ్ళు తింటాం.’’ పట్టేవాళ్ళ పిల్లలు తినరని అంతకుముందు నాకు తట్టనే లేదు. వెనక బెంచీలో రుమాలు ముక్కు మీంచి కిందికి దిగింది.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. అలాంటి ఆలోచనలు వచ్చినప్పుడు కాసేపు ఆగాలని తర్వాత్తర్వాత నేర్చుకున్నాను. ‘‘సరే, ఇక్కడే పాట పెట్టు. కానీ అంతా ఇంగ్లీషులోనే’’ అన్నాను మైకుతో. ఆటలాగా ఉంటుంది, మాట వాడుకలోకి వస్తుంది, బీయీడీ పుస్తకంలో ఉన్నట్టే ఉంటుంది. మైకు కళ్ళు మెరిశాయి. ‘‘కొనేవాళ్ళు ఎవురు టీచర్?’’ అని అడిగింది. ‘‘ఈ గదిలో ఉన్నవాళ్ళందరూ’’ అన్నాను, చెయ్యి గుండ్రంగా తిప్పి మరీ. వాళ్ళ ఒడ్డున కొనేవాళ్ళు నోరు విప్పి రేటు చెప్పరనీ, తలకాయ ఊపితే ఆ రేటుకి ఒప్పుకున్నట్టేననీ ఆ పిల్ల మొదటి వారంలోనే నాకు కథలు కథలుగా చెప్పింది. విన్నాను కూడా. బుర్రలో ఉన్న సంగతి అవసరానికి గుర్తు రావాలి కదా.

మైకు చున్నీ నడుముకి బిగించి, చేపని బల్ల మీంచి దింపి నేల మీద అరిటాకులో పెట్టి, నీళ్ళ సీసా చేతిలోకి తీసుకుంది. ‘‘ఫైవ్ హండ్రెడ్. దిస్ ఫిష్ ఈజ్ ఎక్స్‌పెన్సివ్’’ అని ఒక్క అరుపు అరిచింది. పక్క క్లాసు వాళ్ళు కిటికీ దగ్గరికి వచ్చేశారు. కరస్పాండెంటు గారికి వాక్యం నచ్చింది, తల ఊపారు. ఆయన ఊపారు కాబట్టి హెడ్మాస్టరు గారు ఊపారు. మైకు చూపు ఆయన మీంచి ఈయన మీదికి గెంతింది. ‘‘సెవెన్ హండ్రెడ్. మోర్ ఎక్స్‌పెన్సివ్’’ అంది. నేను నేర్పని ‘మోర్’ ఆ పిల్ల ఎక్కణ్ణించి పట్టిందో తెలీదు, నాకు ఒళ్ళు పొంగిపోయింది. కరస్పాండెంటు గారూ సంతోషించి తల ఊపారు. హెడ్మాస్టరు గారు వెంటనే ఊపారు. ‘‘థౌజండ్.’’ ఊపు. ఊపు. ఏడు వందల దగ్గరే నాకు అనుమానం రావలసింది. వెయ్యి దాటి పన్నెండు వందలకి వచ్చేసరికి గాని, పిల్లల్లో ఒక్కరి తలా కదలటం లేదని, బొమ్మల్లా కూర్చుని వెనక బెంచీకేసే చూస్తున్నారని గమనించలేదు. వాళ్ళకి అది ఆట కాదు. నేల మీద చేప, ఎదురుగా ఇద్దరు పెద్దమనుషులు, మధ్యలో పాట. ఒడ్డున రోజూ చూసేదే.

ఆపితే క్లాసు పోతుంది. ఆపకపోతే ఏమవుతుందో ఊహకి అందటం లేదు. వద్దు సార్, వద్దు అని హెడ్మాస్టరు గారికేసి కళ్ళతో సైగ చేశాను. నేను భయపడుతున్నానని ఆయన జాలిపడి, బాగానే చెబుతున్నావమ్మా అని ధైర్యం చెప్పడానికి మరింత గట్టిగా తల ఊపారు. పదిహేను వందలయింది. గుమ్మం దగ్గర ఆయమ్మ కనిపించింది. చేప క్షేమంగా ఉందో లేదో చూద్దామని వచ్చినట్టుంది, పాట ఎక్కడిదాకా వచ్చిందో విని, కొంగు నోట్లో కుక్కుకుని అక్కడే నిలబడిపోయింది. ఇంతలో హెడ్మాస్టరు గారి పెన్ను దొర్లి బెంచీ కిందికి పోయింది. ఆయన వంగారు. సరిగ్గా అప్పుడు మైకు, ‘‘టూ థౌజండ్. మోస్ట్ ఎక్స్‌పెన్సివ్’’ అని కప్పు ఎగిరిపోయేలా అరిచింది. మోర్, మోస్ట్ అంటూ మూడు మెట్లూ తప్పు లేకుండా ఎక్కేసిన ఆ పిల్లని చూసి కరస్పాండెంటు గారు నిండుగా, తృప్తిగా, గడ్డం ఛాతీకి తగిలేలా తల ఊపారు. ‘‘ఒకటోసారి’’ అంది మైకు. ‘‘రెండోసారి.’’ హెడ్మాస్టరు గారు ఇంకా పెన్ను వెతుకుతున్నారు. ‘‘మూడోసారి.’’ మైకు సీసాలోంచి చేతినిండా నీళ్ళు పోసుకుని చేప మీద చల్లింది, కొన్నవాళ్ళ మీద కూడా చల్లడం ఆనవాయితీ కాబట్టి మిగిలినవి కరస్పాండెంటు గారి తెల్ల పంచె మీద చల్లింది. ‘‘పాట పడినాది. చేప మీది సార్.’’

కరస్పాండెంటు గారు పంచె చూసుకున్నారు, చేపని చూశారు, నన్ను చూశారు. ‘‘ఏందమ్మా ఇది?’’

మైకే చెప్పింది. ‘‘మీరు తలకాయ ఊపినారు గదా సార్.’’

‘‘నేను ఇంగ్లీషు బాగుండాదని ఊపినా.’’

‘‘ఎందుకు ఊపినారో మాకెట్ట తెలస్తాది సార్. ఊగిందా లేదా, అంతే.’’

ఇదంతా ఆటేనని నేను గొణిగాను. ఆయమ్మ లోపలికి వచ్చేసింది. ఆమెకి అంత ధైర్యం ఉందని నాకు తెలీదు. ‘‘కోపం చేసుకోబాకండి సార్. చేప నేల మీద పెట్టి, నీళ్ళు చల్లినాక ఆట పాటని, నిజం పాటని రెండుండవు మా కాడ. అది ఇంక నాది గాదు, ఇంటికి తీసకపోతే మా ఆయనే ఒప్పుకోడు. పాట పడినాక వెనక్కిపోయిన మనిషి మాట ఒడ్డున ఎవురూ వినరు సార్’’ అంది, చాలా మర్యాదగా. ఒడ్డునున్న వాళ్ళే ఆ బడికి పిల్లల్ని పంపేది. ఆ సంగతి కరస్పాండెంటు గారికి ఒకరు చెప్పనక్కర్లేదు. ఆయన చేపకేసి చూసి, అలవాటు కొద్దీ నిట్టూర్చి, ‘‘టూ ఎక్స్‌పెన్సివ్’’ అన్నారు. వెంటనే క్లాసు మొత్తం ముక్తకంఠంతో, ‘‘నో సార్. మోస్ట్ ఎక్స్‌పెన్సివ్’’ అని దిద్దింది.

నా ఉద్యోగం అక్కడితో ఆఖరైపోయిందని నేను మనసులో కావలి బస్సెక్కేశాను. కానీ కరస్పాండెంటు గారి భుజాలు కదిలాయి. ముందు దగ్గనుకున్నాను, నవ్వు. ఆయన నవ్వగా నేను చూడటం అదే మొదలు. హెడ్మాస్టరు గారు పెన్నుతో పైకి లేచి, ఎందుకో తెలీకుండానే నవ్వడం మొదలుపెట్టారు. ‘‘చూడమ్మాయ్’’ అన్నారు కరస్పాండెంటు గారు మైకుతో, పర్సు తీస్తూ. ‘‘అది అమ్మేది, తినేది కాదు అన్నావు గదా. కొన్నది నేను. నేను తినేవాణ్ణి కాదు, అమ్మేవాణ్ణీ కాదు. ఇంక మిగిలింది మీరే.’’ డబ్బు ఆయమ్మ చేతిలో పెట్టి, పులుసు పెట్టమన్నారు.

బడి వెనకాల మూడు రాళ్ళ పొయ్యి మీద ఆయమ్మ పులుసు పెట్టింది. ఎవరింట్లోంచో చింతపండు, ఎవరి చెట్టునో మామిడికాయ వచ్చాయి. మధ్యాహ్నం ఏడో తరగతి అంతా వరండాలో కూర్చుంటే తలా వేలెడంత ముక్క వచ్చింది. నాకూ ఒకటి వేశారు. కరస్పాండెంటు గారు దూరంగా, గాలి అటునుంచి రాని చోట కుర్చీ వేయించుకుని, క్యారియరు విప్పుకుని పెరుగన్నం తింటూ మమ్మల్నే చూస్తున్నారు. చివరికి ఉండబట్టలేక, ‘‘ఎట్టుంది అమ్మాయ్?’’ అని మైకుని అడిగారు. ఆ పిల్ల వేళ్ళు నాక్కుంటూ కాసేపు ఆలోచించి, ‘‘బాగుండాది సార్. కాకపోతే ముల్లే లేదు. ముల్లు లేకపోతే చేప తిన్నట్టు యాడుంటాది? మా కవళ్ళే బాగుంటాయి’’ అంది. ముల్లు లేకుండా ఉండటానికే నెల్లూరు వాళ్ళు అంత డబ్బు పోస్తారని నేను చెప్పబోయాను. చెప్పలేదు. ఎక్స్‌పెన్సివ్ అనే మాటకి ఆ పూట నా దగ్గరున్న అర్థాలన్నీ అప్పటికే అయిపోయాయి.

అందరూ చేతులు కడుక్కోవడానికి పోయారు. కరస్పాండెంటు గారు కారు దగ్గరికి నడిచారు. నేను ఎంగిలి చెయ్యి వెనక్కి దాచుకుని ఆయన వెనకే వెళ్ళాను. నా ఉద్యోగం సంగతి అడగాలి. ఎలా మొదలుపెట్టాలా అని చూస్తున్నాను. ఆయన తలుపు తీసి, ఒక కాలు లోపల పెట్టి, ఇంకా తడి ఆరని పంచె దులుపుకుంటూ, ‘‘రేపట్నించి కూరగాయల్తో చెప్పమ్మా’’ అని కూర్చుని తలుపు వేసుకున్నారు.

చేపలతో చెప్పినందుకు మందలిస్తున్నారనుకుని, సరే సార్ అన్నాను. కారు రొయ్యల గుంటల మధ్య మట్టి దుమ్ము లేపుకుంటూ, కాలవ వంతెన ఎక్కి అవతలికి దిగిపోయాక, అందులో ‘రేపట్నించి’ అనే మాటొకటి ఉందని నాకు స్పృహ వచ్చింది. రేపు ఉంది. ఎల్లుండి కూడా ఉండవచ్చు. వెళ్ళి బడి మెట్ల మీద కూలబడ్డాను. నెల రోజులుగా బిగబట్టుకున్నదంతా కళ్ళల్లోకి వచ్చేసింది. ఆ సంబరంలో, ఇంకా కడుక్కోని కుడిచేత్తోనే, మిరపకారం పులుసు అంటిన వేళ్ళతోనే రెండు కళ్ళూ గట్టిగా తుడుచుకున్నాను.

ఆ తర్వాత బళ్ళు మారాను, ఊళ్ళు మారాను, ఎన్నో క్లాసులు చెప్పాను, చెప్పేవాళ్ళకి మార్కులు కూడా వేస్తున్నాను. వెనక బెంచీలో కూర్చున్నప్పుడల్లా తల కదపకుండా జాగ్రత్తగా ఉంటాను. కానీ ఆ మెట్ల మీద కూర్చున్న పిల్ల గుర్తొస్తే మాత్రం నవ్వు ఆగదు. ఇరవై రెండేళ్ళు నిండీ నిండకుండా, ఒళ్ళంతా చేప కంపు కొడుతూ, ఉద్యోగం నిలిచిందని ఏడుస్తూ, కళ్ళు మండి ఇంకా గట్టిగా ఏడుస్తూ. ఆయమ్మ చెంబుతో నీళ్ళు పట్టుకుని పరిగెత్తుకొచ్చి, ‘‘ఏమైంది టీచరమ్మా, పొమ్మన్నాడా?’’ అని నా తల నిమురుతుంటే, ఉండమన్నాడు అని చెప్పబోయి, ఆవిడ అడిగింది పొమ్మన్నాడా అని కదా అన్న ఆలోచనైనా లేకుండా, నేనూ తల ఊపాను.